పద్నాలుగో నంబరు సీసా

వెర్చెల్లి, ట్రె మెర్లి హోటల్
4 ఫిబ్రవరి 1974

ఇంకొరొనాతా అక్కకి,

నీ తమ్ముడు కనియో బతికే ఉన్నాడు. స్వెట్టర్ వేసుకున్నాడు, లోపల ఉన్ని బనీను ఉంది, చెవులకి మఫ్లర్ చుట్టుకున్నాడు. నువ్వు అడగబోయే మూడు ప్రశ్నలకీ జవాబు అయిపోయింది కాబట్టి ఇక కబుర్లలోకి వస్తాను.

ఇక్కడి పొగమంచు మన రొక్కాస్పినాలోలాగా పదింటికల్లా లేచిపోయే రకం కాదు. అక్టోబరులో నాతోపాటే బదిలీ మీద వచ్చినట్టుంది, ఇంతవరకు కదల్లేదు. నిన్న ఆదివారం, పెట్రోలు కరువని కార్లు బయటికి తియ్యనివ్వట్లేదు కదా, ఒక పెద్దాయన గుర్రమెక్కి చర్చికి వచ్చాడు. ఆ మంచులో గుర్రం కనిపించలేదు, ఆయనొక్కడే గాల్లో కూర్చుని సాగిపోతున్నాడు. మెట్ల మీద ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు. ఎందుకైనా మంచిదని నేనూ వేసుకున్నాను.

హోటల్ మారమని రాశావు. దక్షిణాది వాళ్ళకి ఇల్లు అద్దెకివ్వాలంటే ఇక్కడ ముఖం చిట్లిస్తారు. నా జీతానికి అందే హోటల్ ఇదొక్కటే. మూడో తరగతి అన్నమాటే గానీ శుభ్రంగా ఉంటుంది. యజమానురాలు ఒర్సోలా గారికి అరవై ఎనిమిదేళ్ళు. ఆవిడ నోటితో ఏదీ చెప్పదు, చీటీ రాసి గోడకి అంటిస్తుంది. "గదుల్లో వంట చేయరాదు." "బూట్లతో మంచమెక్కరాదు." పోయిన వారం "ఈల వేయరాదు" అని కొత్తది వచ్చింది. అది నా గురించే.

భోజనం వారానికి నాలుగు రోజులు అన్నమే. అన్నంలో చిక్కుడుగింజలు, అన్నంలో సాసేజ్, ఒక్కోసారి కప్పలు. బావుంటుంది, నిజంగా. వంటమనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు. నా బల్ల పక్కనే గోడలో చిన్న కిటికీ ఉంది, అందులోంచి రెండు చేతులు ప్లేటు ముందుకి తోస్తాయి. మోచేతుల దాకా పరిచయం.

ఇక అసలు విడ్డూరం. నెలవారీ ఉండేవాళ్ళకి ఇక్కడ ఎవరి వైను సీసా వాళ్ళదే. తాగినంత తాగి వదిలేస్తే, ఒర్సోలా గారు దానికి గది నంబరు చీటీ అంటించి అల్మరా మీద పెడుతుంది. మర్నాడు అదే సీసా మన ముందుకొస్తుంది. మొన్న మంగళవారం నా పద్నాలుగో నంబరు సీసా సగం చేసి లేచాను. బుధవారం చూస్తే ముప్పావు ఉంది. భ్రమేమో అనుకున్నాను. కానీ భూముల రికార్డుల ఆఫీసులో ఇరవై రెండేళ్ళు కొలతలు వేసినవాణ్ణి, ఊరుకుంటానా? పెన్సిలుతో గీత గీశాను. మర్నాడు గీత మీద రెండు వేళ్ళు ఎక్కువుంది. మళ్ళీ గీశాను, మళ్ళీ ఎక్కింది. తగ్గితే దొంగ అనుకుంటాం, పెరిగితే ఏమనుకోవాలి? పైగా రుచి కూడా బాగుపడుతోంది. మొదట్లో ఈ హోటల్ వైను కళ్ళు మూసుకుని మింగేవాణ్ణి.

ఆఫీసు కాగితం గురించి మళ్ళీ అడిగావు. మార్చి 31లోగా ఇవ్వాలి. రెండే గళ్ళున్నాయి, "ఇక్కడే కొనసాగుతాను", "సొంత జిల్లాకి తిరిగి వెళ్తాను". ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చెయ్యడమే. తిరిగి వచ్చేస్తానని నీకు మాటిచ్చాను కదా. ఇంకా పెట్టలేదు, పెన్నులో సిరా లేదు.

నీ
కనియో


రొక్కాస్పినా
8 ఫిబ్రవరి 1974

ఒరేయ్ కనియో,

దీవెనలు అయిపోయాయి, ఇక తిట్లు.

పెన్నులో సిరా లేదని సిరాతోనే రాశావు. నిన్ను పెంచింది ఎవరనుకున్నావురా? అమ్మ పోయేనాటికి నీకు నాలుగేళ్ళు, నాకు ఇరవై. అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి, ఇక్కణ్ణించే కనిపిస్తున్నాయి నాకు. రెండో గడిలో టిక్కు పెట్టి, ఇచ్చేసి వచ్చి పడుకో.

ముందు ఒక్కటి చెప్పు, నీకేం జబ్బు? దాచకు. వారానికి నాలుగు రోజులు అన్నమా! అన్నం ఒంట్లో బాగాలేనివాళ్ళకి పెట్టేది కదరా. నాన్నకి ఆఖరి రోజుల్లో పెట్టాం. పక్కింటి లుచ్రేజియాకి చెప్తే ముక్కున వేలేసుకుని, "అయ్యో, కడుపులో పుండేమోనమ్మా" అంది. సాయంత్రానికి ఊరందరి నోట్లోనూ నీ పుండే. ఫాదర్ మౌరో నీ పేరు చెప్పి ప్రార్థన కూడా చేయించారు, నువ్వు వచ్చాక వెళ్ళి థాంక్స్ చెప్పాలి.

ఇక సీసా. ఊరకే తీసుకుపోయేవాళ్ళని చూశాను గానీ ఊరకే పోసేవాళ్ళని నా అరవై రెండేళ్ళలో చూడలేదు. నీ ఉత్తరం ఆప్రాన్ జేబులో పెట్టుకుని దిష్టి చూసే మెనికా ముసలిదాని దగ్గరికి పరిగెత్తాను. అది పళ్ళెంలో నీళ్ళు పోసి నూనె చుక్కలు వేసింది. మొదటి చుక్క నిలబడింది. రెండోది సాగింది. మూడోది పడగానే, "ఆడది!" అని అరిచింది. "నడుం వెడల్పు. మీవాణ్ణి వైనులో పెట్టి కట్టేస్తోంది. ఇక వాడు ఊరి ముఖం చూడడు."

ఇప్పుడు చెవులు రిక్కించి విను. దిండు కింద కత్తెర తెరిచి పెట్టు. గుమ్మానికి అడ్డంగా ఉప్పు పొయ్యి. తలుపు వెనక చీపురు తలకిందులుగా నిలబెట్టు, వచ్చిన మంత్రగత్తె పుల్లలు లెక్కపెడుతూ అక్కడే ఉండిపోతుంది. ఆ వైను ఒక్క చుక్క కూడా నోట పెట్టకు. ఇంకెవడి చేతైనా తాగించి చూడు, వాడికేమన్నా అయితే మనకి తెలుస్తుంది. పార్సెల్లో కచ్చోకవల్లో చీజ్ జంట, వెల్లుల్లి జడ, ఎర్ర రిబ్బను పంపుతున్నాను. రిబ్బను మొలకి, చీజ్ కడుపుకి. తారుమారు చెయ్యకు.

తిరిగి వస్తావన్న ధైర్యంతో ఉన్న
అక్క


వెర్చెల్లి
17 ఫిబ్రవరి 1974

అక్కా,

నాకు పుండు లేదు. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే అన్నం తింటారు, పెళ్ళిళ్ళలో కూడా అదే పెడతారు. దయచేసి ఊరికి చెప్పు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను, ఫలితాలు విను. సోమవారం కత్తెర పెట్టాను. మంగళవారం పక్క సర్దడానికొచ్చిన ఒర్సోలా గారి వేలు తెగింది. సాయంత్రానికి వరండాలో చీటీ వెలిసింది: "మంచం మీద క్షవరం చేసుకోరాదు." బుధవారం గుమ్మంలో ఉప్పు పోశాను. ఆవిడ మొట్టమొదటిసారి నన్ను మెచ్చుకుంది. నేల మీద మంచు పేరుకోకుండా చల్లాననుకుంది. బకెట్టు నా చేతికిచ్చి వీధి మెట్ల మీద కూడా చల్లమంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే అదే నా పని. గురువారం చీపురు తలకిందులుగా నిలబెట్టాను. గది ఊడ్చలేదని ఎత్తిపొడుస్తున్నాననుకుని రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. "ఫిర్యాదులు నోటితో చెప్పవలెను" అని చీటీ అంటించింది.

వైను ముట్టడం మానేశాను. నాలుగు రోజులు సీసాకేసి చూడనైనా చూడలేదు. అయినా అది మెడ దాకా నిండింది. శుక్రవారం కిటికీలోంచి నా ప్లేటుతోపాటు ఒక గిన్నెడు వేడి వేడి కోడి సూపు వచ్చింది, నేను అడగనే లేదు. ఎవరో నా గురించి కంగారుపడుతున్నారక్కా.

సరే, ఇంకొకరి చేత తాగించమన్నావు కదా. నా పక్క బల్ల దగ్గర తవెల్లా అని గుండీల ఏజెంటు కూర్చుంటాడు, పన్నెండో గది. పదకొండేళ్ళుగా ఇదే హోటల్లో దిగుతున్నాడట. "శుభ సాయంత్రం" తప్ప ఇంకో మాట అతని నోట ఎవరూ వినలేదు. నిన్న అతను చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు చీటీలు మార్చేశాను. మొదటి గ్లాసుకి కనుబొమలెత్తాడు. రెండో గ్లాసుకి కాలరు వదులు చేసుకున్నాడు. మూడో గ్లాసు పూర్తవగానే లేచి, నేరుగా ఒర్సోలా గారి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, మీ కళ్ళు ముత్యపు చిప్ప గుండీలు. మొదటి రకం. డజన్లలో దొరకవు" అన్నాడు.

ఆవిడ చేతిలో గరిట కింద పడింది. నేను వెల్లుల్లి జేబులో నొక్కి పట్టుకున్నాను.

కానీ అక్కా, ఇది నిజంగా మంత్రమే అయితే నాకేం కాలేదేం? నేనూ రెండు వారాలు తాగాను కదా. నాకేం తేడా లేదు. కాకపోతే సాయంత్రం ఏడవుతోందంటే ఆకలి కంటే ముందు ఏదో సంతోషం మొదలవుతోంది. అదొక లక్షణమేమో మెనికాని కనుక్కో.

కనియో


రొక్కాస్పినా
24 ఫిబ్రవరి 1974

కనియో,

ఇంకేం కావాలిరా రుజువు! గుండీలు అమ్ముకునేవాడు ముసలమ్మ ముందు కవిత్వం చెప్పాడంటే ఆ సీసాలో ఏముందో పసిపిల్లలకైనా తెలుస్తుంది. ఆ ఒర్సోలాయే. అరవై ఎనిమిదేళ్ళకి నలభై ఆరేళ్ళవాడు కావలసొచ్చాడా ఆవిడకి? సంతోషం మొదలవుతోందట, సంతోషం! మెనికాకి చెప్తే అది పళ్ళెం బోర్లించేసింది.

నీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెప్తున్నాను. ఈ ఉత్తరం పడుకుని రాస్తున్నాను. నడుం పట్టేసింది. మంచం దిగి నాలుగు రోజులైంది. కోళ్ళకి గింజలు లుచ్రేజియా వేస్తోంది. డాక్టరు నాడి చూసి తల అటూ ఇటూ ఊపాడు. నువ్వు కంగారుపడకు. నీ పని చూసుకో. నేనేమైపోయినా పర్వాలేదు, ఇంట్లో పిలిస్తే పలికేవాళ్ళు లేకపోయినా పర్వాలేదు.

ఇక రాయలేను, చెయ్యి వణుకుతోంది.

మీ అక్క, ఉన్నన్నాళ్ళు


వెర్చెల్లి
25 ఫిబ్రవరి 1974

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు గానీ ఆగలేక రాస్తున్నాను. ఒర్సోలా గారికీ తవెల్లాకీ పెళ్ళి కుదిరింది! ఈస్టర్ తర్వాత చేసుకుంటారట. పదకొండేళ్ళుగా అడగాలనుకుంటూనే ఉన్నాడట పాపం. గోడ మీద చీటీ: "అభినందనలు సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు మాత్రమే." కాబట్టి సీసాలో పోసేది ఆవిడ కాదు, ఆవిడకిప్పుడు నా ముఖం చూసే తీరికే లేదు.

నేను మళ్ళీ తాగడం మొదలుపెట్టాను, కోప్పడకు. మొన్న చిక్కుడుగింజల అన్నం తిని కిటికీలోకి వంగి, "బావుందండీ" అన్నాను. ఆ చేతులు ప్లేటు తీసుకోవడం మర్చిపోయి అలాగే ఆగిపోయాయి. ఎంతసేపో ఉన్నాయి. తర్వాత కొంచెం తడబడుతూ లోపలికి వెళ్ళిపోయాయి. నాకెందుకో ఆ రోజంతా ఫైళ్ళలో ఒక్క అంకె సరిగ్గా పడలేదు.

అక్కా, ఒక మాట. ఇంకో ఏడాది ఇక్కడ ఉంటే ఎలా ఉంటుందంటావు? ఊరికే అడుగుతున్నాను.

కనియో


రొక్కాస్పినా
4 మార్చి 1974

ఇంకొరొనాతా తెలెస్కా గారికి, గది నంబరు 14, ట్రె మెర్లి హోటల్, వెర్చెల్లి

అక్కా! నా గదిలో ఏం చేస్తున్నావు?

నీ ఉత్తరం చూసి నా ప్రాణం ఎగిరిపోయింది. మా ఆఫీసరు గిసోల్ఫి గారి కాళ్ళావేళ్ళా పడి, పేరుకుపోయిన సెలవంతా పెట్టి, దొరికిన రైలెక్కి, నేపుల్స్‌లో మారి, బస్సు పట్టుకుని పడుతూ లేస్తూ వచ్చాను. తలుపుకి తాళం ఉంది. స్మశానానికి వెళ్ళి చూడనా అని కూడా అనుకున్నాను, దేవుడు క్షమించాలి. అప్పుడు లుచ్రేజియా వచ్చింది.

"మీ అక్కా? నిన్న పొద్దున బస్సెక్కి వెర్చెల్లి పోయిందిగా. మూడు మూటలు నెత్తిన పెట్టుకుని ఎలా పరిగెత్తిందనుకున్నావు, డ్రైవరే దారిచ్చాడు" అంది.

"నడుం నొప్పో?"

"నడుం నొప్పేంటయ్యా! నీ కడుపులో పుండెలా ఉంది?"

నువ్వు ఉత్తరానికీ నేను దక్షిణానికీ ఒకే రోజు బయల్దేరామన్నమాట. ఎక్కడో ఫ్లోరెన్స్ దగ్గర పక్క పక్క పట్టాల మీద ఒకరినొకరు దాటేసి ఉంటాం. ఇప్పుడు మళ్ళీ ఇద్దరం బయల్దేరితే మళ్ళీ అదే అవుతుంది. నువ్వు అక్కడే ఉండు, కదలకు. నేనూ కదలను. ఒర్సోలా గారితో గొడవ పెట్టుకోకు.

కోళ్ళు బావున్నాయి.

కనియో


వెర్చెల్లి
5 మార్చి 1974

కనియోకి, మన ఇంటి అడ్రసుకి

వెధవా, నేను నీకోసం వస్తే నువ్వెక్కడికి పోయావురా?

ఇంకో ఏడాది అని నువ్వు రాసిన ముక్క చదివాక ఇక కూర్చోలేకపోయాను. హోటల్‌కొచ్చి నా తమ్ముడేడంటే, "అక్కగారికి చావుబతుకులని పరిగెత్తాడు, మీరెవరు?" అంది ఒర్సోలా. "ఆ చావుబతుకుల అక్కని నేనే" అన్నాను. మగాడి గదిలో ఆడమనిషిని ఉంచనంది. ఐడెంటిటీ కార్డు తీసి బల్ల మీద కొట్టాను. ఇద్దరిదీ తెలెస్కా అనే ఉంది. పెళ్ళామైతే కార్డు మీద తన పుట్టింటి పేరే ఉండేది కాబట్టి నేను భార్యని కాదని నమ్మి తాళం ఇచ్చింది. సాయంత్రానికి గోడ మీద చీటీ: "బంధువులు ముందుగా తెలియజేసి రావలెను."

నువ్వు ఇటు రాకు. మళ్ళీ దారిలో తప్పిపోతాం. నేను కూడా రాను, పని ఉంది.

ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. నీ సీసాయే తెచ్చి పెట్టారు. దాని మీద పవిత్రజలం మూడుసార్లు చిలకరించి, కళ్ళు మూసుకుని ఒక గ్లాసు తాగాను, తాగితే గానీ తెలియదు కదా. మర్నాడు చూస్తే రెండు వేళ్ళు పెరిగి ఉంది! నువ్వు ఊళ్ళోనే లేవు. నన్నెందుకురా కట్టేయడం, ఏం చేసుకుంటారు నన్ను? ఒర్సోలా మీద నా కన్నుంది, కానీ అది రోజంతా ఆ గుండీలాయన కోటుకి గుండీలు కుడుతూ కూర్చుంటుంది. ఈ సంగతి తేలేదాకా నేను కదలను.

అన్నం పెట్టారు. రోగం లేకుండా అన్నం తినడం నా జీవితంలో ఇదే మొదలు. మరీ అంత అన్యాయంగా లేదు.

నడుం నొప్పి అబద్ధమే. డాక్టరు తల ఊపింది నిజం. నాలుగో గ్లాసు పొయ్యనా అంటే వద్దని ఊపాడు.

అక్క


రొక్కాస్పినా
13 మార్చి 1974

అక్కా,

నడుం నొప్పి అబద్ధమన్నందుకు కోపం రావాలి. రాలేదు. ఎందుకో చెప్తాను.

ఈ ఇంట్లో నేనొక్కణ్ణే పది రోజులున్నాను. మొదటి రోజు బావుంది. రెండో రోజు ఒక ప్లేటు, ఒక చెంచా, ఒక గ్లాసు పెట్టుకుని కూర్చున్నాను. మన బల్ల అంత పెద్దదని నాకెప్పుడూ తెలీదు. మూడో రోజు కోళ్ళతో మాట్లాడాను. ఐదో రోజు అవి సమాధానం చెప్తే బావుండుననిపించింది. రేడియో పెట్టుకుని అందులో వార్తలు చదివేవాడితో వాదించాను. లుచ్రేజియా ఏదో కావాలని తలుపు కొడితే, ఆమె వెళ్ళిపోతుందేమోనని గంటసేపు నా పుండు గురించి చెప్పాను. లేని పుండు!

నువ్వు అక్టోబరు నుంచి ఇలాగే తింటున్నావు. ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. కత్తెర పెట్టు, ఉప్పు పొయ్యి అని రాశావు గానీ ఒంటరిగా ఉందిరా అని రాయలేదు. నేను చదివి కూడా అర్థం చేసుకోలేదు. అక్కడ ఎవరివో చేతులు చూసి మురిసిపోతూ ఇక్కడ నిన్ను మర్చిపోయాను. నాకు సిగ్గుగా ఉందక్కా.

నిశ్చయించుకున్నాను. వచ్చేస్తాను. ఆ కాగితం బల్ల సొరుగులో, కత్తెర కింద ఉంటుంది. నువ్వు అక్కడ సంగతి తేల్చుకుని వచ్చేదాకా నేను కదలను కదా, అప్పటికి గడువు దాటిపోతుందేమో. "సొంత జిల్లాకి తిరిగి వెళ్తాను" అన్న గడిలో నువ్వే టిక్కు పెట్టు. నా సంతకం కూడా నువ్వే చెయ్యి. బళ్ళో నా ప్రోగ్రెస్ రిపోర్టుల మీద నాన్న సంతకం ఎంత బాగా పెట్టేదానివో నాకు తెలుసు. తీసుకెళ్ళి గిసోల్ఫి గారికి ఇచ్చెయ్యి. ఇందులో నాకేమీ బాధ లేదు.

కనియో


వెర్చెల్లి
22 మార్చి 1974

నా కనియోకి,

బాధ లేదని రాసిన చోట కాగితం పెన్ను మొనకి చిరిగింది. చెవుల సంగతి సరేసరి.

అన్నీ చెప్తాను, కూర్చుని చదువు. దొంగ దొరికింది. సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోయారు. నేను అల్మరా పక్కన కర్టెన్ వెనక నిలబడ్డాను, చేతిలో వెల్లుల్లి. వంటింటి తలుపు తెరుచుకుంది. ఒక ఆడమనిషి వచ్చింది. నడుం వెడల్పే. మెనికాకి దణ్ణం పెట్టాలి. ఆప్రాన్ కింద నుంచి చిన్న జాడీ తీసి మన సీసాలో వంచింది. నేను ఎగిరి చెయ్యి పట్టేసుకున్నాను.

"ఏమే! ఏం కలుపుతున్నావు మావాడి వైనులో?"

ఆమె ముఖం పాలిపోయింది. "వైను" అంది.

"వైనులో వైను ఎవరైనా కలుపుతారా?"

"మా నాన్న తోటలోదండీ. ఈ హోటల్ వైను పుల్లటి కషాయం. ఆయన చెయ్యి గ్లాసు దాకా వెళ్ళి ప్రతిసారీ వెనకాడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు."

"మిగతావాళ్ళు మింగట్లేదా? వాళ్ళకి పొయ్యవేం?"

ఆమె జాడీ బల్ల మీద పెట్టింది. తర్వాత నేల చూస్తూ చెప్పింది. "పన్నెండేళ్ళుగా ఈ కిటికీ వెనక వండుతున్నానండీ. ఇందులోంచి నాకు మనుషులు కనిపించరు, బల్ల మీద చేతులే కనిపిస్తాయి. తినేసి మూతి తుడిచిన రుమాలు ప్లేట్లోనే పారేసి పోతారంతా. ఆయనొక్కరే దాన్ని నాలుగు మడతలు వేసి, అంచు లోపలికి తోసి పెట్టి లేస్తారు. మొన్నటి నుంచి మీరూ అలాగే పెడుతున్నారు. అందుకే మీకూ పోశాను."

ఒరేయ్, ఆ మడత నీకు నేర్పింది నేను. అమ్మ పోయిన ఏడాది, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని నేర్పాను. మంత్రం వేసింది నేనేరా. మెనికా నూనెలో కనిపించాల్సింది నా ముఖం. అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆమె కంగారుపడి సూపు తెచ్చిపెట్టింది. ఎవరు ఏడ్చినా దీనికి తెలిసిన వైద్యం సూపేలా ఉంది.

పేరు సెకొందీనా బార్బెరిస్. నలభై మూడేళ్ళు. పెళ్ళి కాలేదు. ముసలి తండ్రిని చూసుకుంటుంది. నాలుగు రోజులుగా దాని వంటింట్లోనే ఉన్నాను. పాస్తా మెత్తగా ఉడికిస్తుంది, దిద్దుతున్నాను. మాటకి మాట చెప్తుంది, నాకు నచ్చింది. నువ్వు ఎన్నిసార్లు "బావుంది" అన్నావో లెక్కపెట్టుకుంది, పదకొండుసార్లట. పదకొండుసార్లా! నలభై రెండేళ్ళుగా నా వంట తింటున్నావు, నాకు ఒక్కసారి చెప్పిన పాపాన పోయావురా? దొంగ వెధవా.

ఇవాళ పొద్దున నీ కాగితం సొరుగులోంచి తీశాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకున్నాను. నేను ఐదు నెలలుగా కోరుకున్నది నా చేతిలోనే ఉంది, నువ్వే పెట్టమన్నావు. పెన్ను రెండో గడి మీద పెట్టాను కూడా. అవునురా, ఒంటరిగా ఉండలేక భయపడ్డాను. కత్తెర గిత్తెర అన్నీ అందుకే. ఆ పెద్ద బల్ల దగ్గర నాకు కూడు దిగేది కాదు. కానీ ఈ పద్దెనిమిది రోజులు నీ కుర్చీలో కూర్చుని తిన్నాను. సాయంత్రం ఏడవుతోందంటే నాకూ ఏదో సంతోషం మొదలయ్యేది. అది నీకు లేకుండా చేసి, నిన్ను తెచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టుకుంటే నేను అక్కనెలా అవుతాను?

మొదటి గడిలో టిక్కు పెట్టాను. సంతకం నీకంటే బాగా కుదిరింది. గిసోల్ఫి గారు చూసి, "తెలెస్కా చేతిరాత మెరుగుపడింది" అన్నారు.

సెకొందీనాకి నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు. "బావుంది" కంటే పొడుగ్గా చెప్పు. బుధవారం రైలుకి బయల్దేరుతున్నాను. గురువారం పోతెంజా స్టేషన్లో నన్ను దింపుకుని, తర్వాతే నువ్వు రైలెక్కు. ముందెక్కావంటే వీపు విమానం మోత మోగుతుంది.

ఈలోగా ఒక పని చెయ్యి. మన ఊరి బడికి కొత్త పంతులమ్మ రోజూ రెండు గంటలు బస్సులో పడి వస్తోంది, ఉండడానికి గది లేక. ఫాదర్ మౌరోకి రాశాను, ఈస్టర్ తర్వాత మనింట్లో దిగుతుంది. మేడ మీద నీ గది ఖాళీ చేసి సున్నం కొట్టించు. నీ పాత బూట్లు, స్టాంపుల పుస్తకాలు మూటకట్టి పట్టుకుపో. పొద్దున కాఫీ, రాత్రి భోజనం నేనే పెడతాను. ఎదురుగా కూర్చుని తినాలన్నది ఒక్కటే షరతు. లుచ్రేజియా మేనల్లుడు పశువుల డాక్టరు కూడా అడుగుతున్నాడట, కింది గది వాడికి ఇద్దామనుకుంటున్నాను.

ఆగస్టులో మీరిద్దరూ రావాలనుకుంటే నెల ముందుగా ఉత్తరం రాయండి. గది ఖాళీ ఉంటే చూస్తాను.

ఇంకొరొనాతా తెలెస్కా,
యజమానురాలు